ఈ కార్డు ఎవరింటిది?

అమ్మడూ, రాత్రి ఫోన్లో నువ్వు అడిగింది నాకు ఇలా అర్థమైంది. మీ దగ్గర ఒక వర్చువల్ మిషన్, దానికి నాలుగు నెట్‌వర్క్ కార్డులు. విండోస్‌లోకి వెళ్లి చూస్తే నాలుగూ ‘మైక్రోసాఫ్ట్ హైపర్-వీ నెట్‌వర్క్ అడాప్టర్’లే. చివర్న 2, 3, 4 అని తోకలు తప్ప తేడా లేదు. ఒకటి జనం వాడే దారి, ఒకటి బ్యాకప్‌ది, ఒకటి స్టోరేజీది, ఇంకొకటి మీ అడ్మిన్లది. బ్యాకప్ కార్డు ఐపీ ఒక్కటే మార్చాలి. అదీ ఒక్క మిషన్‌లో కాదు, వరసబెట్టి అన్నిట్లోనూ, స్క్రిప్ట్ రాసి. “2 అని తోక ఉన్నదే బ్యాకప్‌ది అనుకుని రాసెయ్యనా తాతయ్యా?” అన్నావు చూడు, అక్కడ నా నిద్ర ఎగిరిపోయింది.

రాయకు తల్లీ. ఆ తోక కార్డుకు పుట్టుకతో వచ్చింది కాదు. విండోస్ కంట ముందు పడినదానికి తోక లేని పేరు, తర్వాత పడినదానికి 2. ఒక మిషన్‌లో బ్యాకప్ కార్డు రెండోదిగా కనబడి ఉంటుంది, పక్కదాంట్లో నాలుగోదిగా. మధ్యలో ఎవరైనా ఒక కార్డు పీకి కొత్తది పెట్టి ఉంటే నాలుగే కార్డులున్న మిషన్‌లో 5 కూడా కనబడొచ్చు. తోకను నమ్మి రెండొందల సర్వర్ల మీదికి స్క్రిప్ట్ వదిలితే, కొన్నిట్లో జనం వాడే దారికి బ్యాకప్ ఐపీ పడుతుంది. ఆ తర్వాత నీకు వచ్చే ఫోన్లు నాకు ఇక్కడ కాకినాడ దాకా వినబడతాయి.

ముందు అసలు ఆ కార్డు అనేదేమిటో చూద్దాం. అది తెలిస్తే మిగతాది సులువు.

అక్కడ కార్డు లేదు. మామూలు కంప్యూటర్లో అయితే చిన్న బోర్డు, దాని మీద ఒక చిప్పు. ఆ చిప్పులో రిజిస్టర్లని కొన్ని గళ్లుంటాయి. డ్రైవర్ అనే ప్రోగ్రాం ఫలానా గడిలో ఫలానా అంకె రాస్తే చిప్పు ఒక ప్యాకెట్‌ను తీగ మీదికి వదులుతుంది. ఇంకో గడి చదివితే తీగ తగిలించి ఉందో లేదో తెలుస్తుంది. డ్రైవర్‌కు కార్డుతో ఉన్న పరిచయమంతా ఆ గళ్లతోనే. బోర్డు ఏ రంగో కూడా దానికి తెలియదు.

వర్చువల్ మిషన్‌ను నడిపే ప్రోగ్రాం హైపర్‌వైజర్. అది పట్టుకున్నది ఈ సందే. డ్రైవర్ గడిలో రాయబోయేసరికి ప్రాసెసర్ గెస్ట్‌ను, అంటే ఆ వర్చువల్ మిషన్‌ను, అక్కడే ఆపి హైపర్‌వైజర్‌కు కబురు పెడుతుంది. నిజం చిప్పయితే ఇప్పుడు ఏం జవాబిచ్చేదో హైపర్‌వైజర్ అదే జవాబిచ్చి గెస్ట్‌ను మళ్లీ నడవనిస్తుంది. వీఎంవేర్‌లో ఈ1000 అని కనబడే కార్డు ఇంటెల్ 82545ఈఎం అనే చిప్పుకు నకలు. ఆ చిప్పు కోసం రాసిన డ్రైవరే, ఏ మార్పూ లేకుండా, దాని మీద హాయిగా నడుస్తుంది. తాను ఒక ప్రోగ్రాంతో మాట్లాడుతున్నానని దానికి తెలియనే తెలియదు.

ఈ విద్య కొత్తదేం కాదు. ఐబీఎం వాళ్ల కేంబ్రిడ్జి సైంటిఫిక్ సెంటర్లో, అదే, అమెరికాలోని కేంబ్రిడ్జి, 1960లలోనే సీపీ-40 అని ఒకటి కట్టారు. 1972లో వీఎం/370 పేరుతో బయటికి తెచ్చారు. మన బల్లల మీది కంప్యూటర్లకు అది దిగిరావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. వీఎంవేర్ 1998లో మొదలై, మర్నాడే అన్నట్టు 1999లో వర్క్‌స్టేషన్ అమ్మింది. మీ హైపర్-వీ 2008 నాటిది. నువ్వప్పుడు పలకా బలపమూ పట్టుకుని తిరిగేదానివి.

అయితే అచ్చంగా నకలు కొట్టడం ఖర్చుతో కూడిన పని. గడి ముట్టుకున్న ప్రతిసారీ గెస్ట్ ఆగాలి, హైపర్‌వైజర్ లేవాలి, జవాబివ్వాలి. సెకనుకు లక్ష ప్యాకెట్లు నడిచే చోట ఇది కుదరదు. అందుకని తర్వాతి తరం వాళ్లు గెస్ట్‌కు నిజం చెప్పేశారు. “నేను చిప్పును కాను, నువ్వు చిప్పు డ్రైవర్‌లా మాట్లాడక్కర్లేదు. ఇద్దరికీ కనబడే మెమరీలో ఒక వరస పెట్టుకుందాం. పంపాల్సినవన్నీ నువ్వు అక్కడ రాసుకుంటూ పో, కొన్ని పోగయ్యాక ఒక్కసారి పిలువు, చాలు.” వీఎంవేర్ వాళ్ల వీఎంఎక్స్‌నెట్3, లినక్స్ లోకంలో రస్టీ రసెల్ మొదలుపెట్టిన వర్టియో, హైపర్-వీలో సింథటిక్ అడాప్టర్, అన్నీ ఈ పద్ధతివే.

ఒక తమాషా కూడా ఉంది. వీఎంఎక్స్‌నెట్3 కార్డును నీ వేగమెంత అని అడిగితే 10 గిగాబిట్లు అంటుంది. కింద హోస్టుకు, అంటే వర్చువల్ మిషన్లను మోసే అసలు కంప్యూటర్‌కు, తగిలించింది 1 గిగాబిట్ తీగే అయినా అదే మాట. అబద్ధం అనలేం, లేని తీగకు వేగమేమిటి? ఒకే హోస్టులో ఉన్న రెండు వర్చువల్ మిషన్లు (వీఎంలు) మాట్లాడుకుంటే ప్యాకెట్ తీగ దాకా పోనే పోదు, మెమరీలో ఇటు నుంచి అటు మారుతుంది. కాబట్టి వేగం చూసి కార్డును పోల్చుకుందామనుకున్నావా, ఆ ఆశ ఇక్కడే వదిలెయ్.

మరి దేన్ని చూడాలి? ఉన్నదైనా లేనిదైనా ప్రతి ఈథర్‌నెట్ కార్డుకూ మ్యాక్ అడ్రస్ అని ఆరు బైట్ల అంకె ఒకటి ఉండి తీరాలి. దాని కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే నీ సమస్య సగం ఆ కథలోనే ఉంది.

ఈథర్‌నెట్ పుట్టిల్లు కాలిఫోర్నియాలో జిరాక్స్ వాళ్ల పాలో ఆల్టో పరిశోధన కేంద్రం. బాబ్ మెట్‌కాఫ్ 1973 మే 22న రాసిన మెమోలో ఆ ఆలోచన కాగితమెక్కింది. డేవిడ్ బాగ్స్, ఆయనా కలిసి దాన్ని పనిచేయించారు. అప్పట్లో కార్డుకు ఇచ్చిన చిరునామా ఎనిమిది బిట్లే, అంటే మొత్తం 256 అంకెలు. ఒక్క భవనానికి అవి చాలు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ మూడూ కలిసి దీన్ని లోకమంతటికీ ప్రమాణంగా ఇచ్చేటప్పుడు 48 బిట్లు చేశాయి. ఎందుకలా చేశారో యోగెన్ దలాల్, రాబర్ట్ ప్రింటిస్ అనే ఇద్దరు 1981లో ఒక పేపర్లో వివరంగా రాశారు. దలాల్ మన ఐఐటీ బాంబేలో చదివి స్టాన్‌ఫర్డ్ వెళ్లినవాడు. వాళ్ల వాదన తేలికైనదే. మిషన్‌ను ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు మోసుకెళ్తే దాని అంకె మారకూడదు. లోకంలో రెండింటికి ఒకే అంకె రాకూడదు. 48 బిట్లతో 281 లక్షల కోట్ల పైచిలుకు అంకెలు వస్తాయి. అప్పటికి అది మితిమీరిన దర్జాగా కనబడి ఉంటుంది. ఇవాళ చూస్తే, వాళ్లు పిసినారితనం చెయ్యకపోవడం ఎంత మంచిదయిందో.

ఇన్ని అంకెలను గొడవల్లేకుండా పంచడానికి వాళ్లు ఎన్నుకున్న తీరు మనం పేర్లు రాసుకునే తీరే. ముందు ఇంటిపేరు, వెనక సొంత పేరు. ఆరు బైట్లలో మొదటి మూడూ ఇంటిపేరు. దాన్ని ఇచ్చేది ఐఈఈఈ అనే సంస్థ. మొదట్లో జిరాక్సే ఇచ్చేది, 00-00-00 ఇప్పటికీ దాని పేరు మీదే ఉంది. ఆ ఇంటిపేరు పుచ్చుకున్న కంపెనీ తర్వాతి మూడు బైట్లతో తన కార్డులకు ఒక్కొక్కదానికి పేరు పెట్టుకుంటుంది. ఒక్కో ఇంటిపేరు కింద 1,67,77,216 పేర్లు పడతాయి. ఎవరిది ఏ ఇంటిపేరో ఆ జాబితా ఎవరైనా దించుకోవచ్చు, రహస్యమేమీ లేదు.

వర్చువల్ కార్డులు అమ్మేవాళ్లూ ఈ వరసలోనే నిలబడి ఇంటిపేర్లు తీసుకున్నారు. హైపర్-వీది 00-15-5డీ. వీఎంవేర్‌కు నాలుగున్నాయి. ఎక్కువగా తగిలేవి 00-50-56, 00-0సీ-29. జెన్‌ది 00-16-3ఈ. పారలల్స్‌ది 00-1సీ-42. అంటే మొదటి ప్రశ్న, ఈ కార్డు అసలుదా నకలుదా అన్నది, స్క్రిప్ట్‌కు రెండు లైన్ల పని. అడ్రస్ తీసుకో, మొదటి మూడు బైట్లు కత్తిరించు, ఈ చిన్న జాబితాలో ఉందేమో చూడు.

కానీ పెళ్లి సంబంధాలు చూసే మీ నాయనమ్మను అడుగు, ఇంటిపేరు ఒక్కటే చూసి ఎవరైనా మాటిచ్చేస్తారా అని. వర్చువల్‌బాక్స్ కార్డులన్నీ 08-00-27 తో మొదలవుతాయి. ఐఈఈఈ జాబితాలో చూస్తే ఆ ఇంటిపేరు వర్చువల్‌బాక్స్‌ను అమ్మే ఆరకిల్‌ది కాదు, పీసీఎస్ సిస్టెమ్‌టెక్నిక్ అనే జర్మన్ కంపెనీది. జాబితాలో కంపెనీ పేరు వెతికి ‘ఇది వర్చువల్‌బాక్స్’ అని తేల్చే స్క్రిప్ట్‌కు ఇక్కడ తల తిరుగుతుంది. అందుకే కంపెనీ పేరుతో కాకుండా అంకెలతోనే పోల్చాలి.

ఇక లినక్స్‌లో క్యూఈఎంయూ, కేవీఎం ఇచ్చే కార్డులు 52-54-00 తో మొదలవుతాయి. దీన్ని జాబితాలో వెతికితే దొరకదు. దొరక్కపోవడానికి కారణం ఆ అంకెలోనే ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి, కాస్త ఆగి చూడు.

మొదటి బైటులో చివరి రెండు బిట్లను ఐఈఈఈ వాళ్లు పక్కకు తీసిపెట్టారు. చిట్టచివరిది 1 అయితే అది ఒక్కరికి కాకుండా గుంపుకు పంపే ప్యాకెట్ అడ్రస్. దాని పక్కది 1 అయితే ‘ఈ పేరు మేం ఇచ్చింది కాదు, వీళ్లే పెట్టుకున్నారు’ అని అర్థం. 0 నుంచి 9, ఆ తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా ఉండే ఆ పదహారు గుర్తుల లెక్కలో చూస్తే, సొంతంగా పెట్టుకున్న కార్డు అడ్రస్‌లో రెండో గుర్తు 2 గానీ, 6 గానీ, ఏ గానీ, ఈ గానీ అయి తీరుతుంది. 52లో రెండోది 2. అయిపోయింది, జాబితా తెరవక్కర్లేదు.

ఇప్పుడు నీ సెల్‌ఫోన్ తియ్యి. వైఫై సెట్టింగుల్లో నువ్వు ఇప్పుడున్న నెట్‌వర్క్ వివరాలు తెరిచి ఆ అడ్రస్ చదువు. రెండో గుర్తు 2, 6, ఏ, ఈ లలో ఒకటి ఉంటుంది, చూస్తానంటే పందెం. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు మామూలుగానే ఒక్కో వైఫైకి ఒక్కో మారుపేరు చెబుతున్నాయి. షాపుల్లో, రైల్వేస్టేషన్లలో అదే ఫోన్ మళ్లీ వచ్చిందని ఎవరూ లెక్కపెట్టుకోకూడదని. ‘మిషన్‌ను ఎక్కడికి మోసుకెళ్లినా అంకె మారకూడదు’ అన్నారు దలాల్ వాళ్లు. నలభై ఏళ్లు తిరిగేసరికి మారకపోవడమే జనానికి ఇబ్బందైంది.

సొంతంగా పెట్టుకునే పేర్లలో కొందరు చిన్న చిన్న గుర్తులు దాస్తారు. డాకర్ చాలాకాలం తన కంటెయినర్లకు 02-42 అని మొదలుపెట్టి, మిగతా నాలుగు బైట్లలో ఐపీ అడ్రస్‌నే పెట్టేది. 02-42-ఏసీ-11-00-02 అని కనబడితే, ఏసీ అంటే 172, 11 అంటే 17, అంటే 172.17.0.2. గూగుల్ క్లౌడ్‌లో మిషన్లు 42-01 తో మొదలై అదే పని చేస్తాయి. చదవడం వచ్చినవాడికి ఆ అంకె మాట్లాడుతుంది.

మీ హైపర్-వీ కూడా మాట్లాడుతుంది, వింటే. 00-15-5డీ తర్వాతి రెండు బైట్లు హోస్టు ఐపీలో చివరి రెండు అంకెల నుంచి వస్తాయి. హోస్టు 192.168.10.25 అయితే దాని మీద పుట్టిన కార్డులన్నీ 00-15-5డీ-0ఏ-19 తో మొదలవుతాయి, చివరి బైటు ఒక్కటే మారుతుంది. అంటే మామూలుగా ఒక హోస్టుకు 256 పేర్లు. బుర్ర పెట్టి చేసిన ఏర్పాటే గానీ, చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ పేర్ల వరస హైపర్-వీ పెట్టినప్పుడు ఒకసారి నిర్ణయమై రిజిస్ట్రీలో నిలిచిపోతుంది. హైపర్-వీ పెట్టేసిన హోస్టును అచ్చు తీసి నాలుగు చోట్ల దింపారనుకో, నాలుగు హోస్టులూ ఒకే వరసలోంచి పేర్లు ఇస్తుంటాయి. ఒకే నెట్‌వర్క్‌లో రెండు వీఎంలకు ఒకే మ్యాక్ పడ్డాక, స్విచ్ పాపం ఒకసారి ఇటూ ఒకసారి అటూ ప్యాకెట్లు పంపుతుంది. ఐపీలు వేరు, కేబుళ్లు బాగానే ఉన్నాయి, కనెక్షన్ మాత్రం ఉండి ఉండి పోతుంది. స్క్రిప్ట్‌తో అన్ని హోస్టుల మ్యాక్‌లూ ఒకచోట పోగేసి, రెండుసార్లు వచ్చినవి ఉన్నాయేమో చూడడం పది నిమిషాల పని. నీ అసలు పని మొదలుపెట్టే ముందు అది ఒకసారి చేసుకో.

అసలుదా నకలుదా అన్న ప్రశ్న అడిగేవాళ్లంతా మంచివాళ్లే కారు, అది కూడా విను. వైరస్‌లు రాసేవాళ్లు కూడా ఈ మూడు బైట్లే చూస్తారు. వాళ్ల ప్రోగ్రాం ఒక మిషన్‌లోకి దిగగానే కార్డు ఇంటిపేరు చదువుతుంది. 08-00-27 అనో 00-0సీ-29 అనో కనబడితే ‘ఇదేదో పరిశోధకుడి బోనులా ఉంది’ అనుకుని ఏమీ తెలియనట్టు ఊరుకుంటుంది. అందుకని పరిశోధకులు తమ వీఎంలకు మామూలు ఇంటెల్ కార్డుల ఇంటిపేరు పెడతారు. మ్యాక్ అడ్రస్‌ను చేత్తో మార్చుకోనివ్వని హైపర్‌వైజర్ నాకు తెలిసి లేదు. కాబట్టి ఇంటిపేరు సాక్ష్యమే, రుజువు కాదు. రుజువుకు దగ్గరగా వెళ్లాలంటే డ్రైవర్‌ను అడగాలి.

లినక్స్‌లో ఇది ఎంత శుభ్రంగా ఉంటుందో. సిస్ అనే ఫోల్డర్, అందులో క్లాస్, అందులో నెట్. అక్కడ మిషన్‌లోని ప్రతి కార్డుకూ ఒక పేరు ఉంటుంది. అడ్రస్ అనే ఫైలు చదివితే మ్యాక్ వస్తుంది. ఆ పేరు నిజానికి ఒక లింకు, అది ఎక్కడికి పోతోందో చూస్తే సగం కథ తెలిసిపోతుంది. లూప్‌బ్యాక్, డాకర్ బ్రిడ్జి, వీపీఎన్ సొరంగాలు, ఇవన్నీ డివైసెస్‌లోని వర్చువల్ అనే ఫోల్డర్లోకి దారితీస్తాయి. కార్డులా కనబడేవి పీసీఐ దారిలోకో, హైపర్-వీ అయితే వీఎంబస్ దారిలోకో వెళ్తాయి. కింద డివైస్, దాని కింద డ్రైవర్ అన్న లింకు చూస్తే వీఎంఎక్స్‌నెట్3, వర్టియో_నెట్, హెచ్‌వీ_నెట్‌వీఎస్‌సీ అని పేరు పట్టుకుని చెబుతుంది. మ్యాక్ మార్చిన పరిశోధకుడు కూడా దీన్ని అంత సులువుగా దాచలేడు. వెండర్ అనే ఫైలులో తయారీదారు అంకె ఉంటుంది. వీఎంవేర్‌ది 15ఏడీ, వర్టియోది 1ఏఎఫ్4. ఇంటెల్ తనకు 8086 పెట్టుకుంది, తన పాత ప్రాసెసర్ మీద మమకారంతో. ఈ1000 నకలు కార్డు కూడా 8086 అనే చెబుతుందని మర్చిపోకు. నకలు బాగా కొట్టడమంటే అదే మరి.

విండోస్‌లో అయితే నీకు తెలిసిందే, పవర్‌షెల్. గెట్-నెట్‌అడాప్టర్ అని కొడితే కార్డులు వరసగా వస్తాయి.

ఇక్కడిదాకా చెప్పిందంతా మొదటి ప్రశ్నకు జవాబు. నీ ప్రశ్న అది కాదు. నీ నాలుగు కార్డులూ నకలువేనని నీకు ముందే తెలుసు, నాలుగింటి ఇంటిపేరూ ఒకటే, డ్రైవరూ ఒకటే. ఆ నాలుగింటిలో బ్యాకప్‌ది ఏది? లోపల కూర్చుని ఎంత తవ్వినా ఈ సంగతి తేలదు. ఏ కార్డును ఏ స్విచ్‌కు కలిపారో గెస్ట్‌కు ఎవరూ చెప్పలేదు. అది హోస్టుకు మాత్రమే తెలుసు.

కాబట్టి స్క్రిప్ట్ రెండు చోట్ల అడగాలి. హోస్టు దగ్గర గెట్-వీఎంనెట్‌వర్క్‌అడాప్టర్ అని అడిగితే, ఏ వీఎం కార్డు ఏ స్విచ్‌కు తగిలించి ఉందో, దాని మ్యాక్ ఏమిటో వస్తుంది. వీఎంవేర్ వాళ్లయితే పవర్‌సీఎల్ఐలో గెట్-నెట్‌వర్క్‌అడాప్టర్, అక్కడ నెట్‌వర్క్‌నేమ్ అన్న గడిలో పోర్ట్‌గ్రూప్ పేరుంటుంది. బ్యాకప్ నెట్‌వర్క్‌కు తగిలించిన కార్డు మ్యాక్ పట్టుకో. తర్వాత గెస్ట్ లోపలికి వెళ్లి ఆ మ్యాక్ ఉన్న కార్డును వెతుకు. ఆ అంకె రెండు వైపుల వాళ్లకూ ఉమ్మడిగా తెలిసింది.

వినడానికి ఇంతే. రాయబోతే మొదటి దెబ్బ గీతల దగ్గర తగులుతుంది. హోస్టు ఇచ్చే హైపర్-వీ మ్యాక్‌లో గీతలే ఉండవు, పన్నెండు గుర్తులూ ఒకే ముద్ద. గెస్ట్‌లో గెట్-నెట్‌అడాప్టర్ మధ్యమధ్య అడ్డగీతలు పెడుతుంది. పాత డబ్ల్యూఎంఐ దారిలో, లినక్స్‌లో, పవర్‌సీఎల్ఐలో రెండు చుక్కలు. కొన్ని పెద్ద అక్షరాలతో, కొన్ని చిన్న అక్షరాలతో. రెండూ ఒకే అంకె, పక్కపక్కన పెట్టి పోలిస్తే కంప్యూటర్ మాత్రం కాదంటుంది. అందుకని పోల్చే ముందు గీతలూ చుక్కలూ తీసేసి, అక్షరాలన్నీ ఒక తీరుకు తెచ్చుకో. ఇంకోటి, తయారుచేసి ఒక్కసారి కూడా స్టార్ట్ చెయ్యని వీఎంకు హోస్టు మ్యాక్ కింద పన్నెండు సున్నాలు చూపిస్తుంది. పేరు ఇంకా పెట్టలేదన్నమాట. వాటిని వదిలెయ్.

రెండో దెబ్బ దయ్యాలు. వీఎంలో పాత ఈ1000 కార్డు తీసేసి వీఎంఎక్స్‌నెట్3 పెడతారు, దానికి పాత ఐపీనే ఇవ్వబోతే విండోస్ హెచ్చరిస్తుంది, ఆ ఐపీ ఇంకో కార్డుకు ఇచ్చి ఉందంటుంది. ఏ కార్డుకు? ఇప్పుడు లేని దానికి. డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలను చూపించమంటే మసక అక్షరాల్లో కనబడుతుంది. లినక్స్‌లోనూ ఒకప్పుడు దీని అన్న ఒకటి ఉండేది. వీఎంకు క్లోన్ తీస్తే కొత్త మ్యాక్ వస్తుంది. 70-పర్సిస్టెంట్-నెట్ అనే రూల్స్ ఫైలు మాత్రం పాత మ్యాక్‌కు ఈత్0 అన్న పేరు భద్రంగా దాచి ఉంచి, కొత్త కార్డుకు ఈత్1 అని పెట్టేది. సెట్టింగులన్నీ ఈత్0 పేరు మీద, కార్డేమో ఈత్1. నెట్‌వర్క్ రాదు. ఆ ఫైలు తుడవడం అప్పటి అడ్మిన్లకు నిత్యకర్మ. 2013 జనవరిలో సిస్టమ్‌డీ 197 వచ్చాక, కార్డు ఏ గాడిలో కూర్చుందో దాన్ని బట్టి పేరు పెట్టడం మొదలైంది. వర్చువల్‌బాక్స్‌లో ఈఎన్‌పీ0ఎస్3, వీఎంవేర్‌లో ఈఎన్ఎస్192 అని వింత పేర్లు కనబడేది అందుకే. నోరు తిరగని పేర్లని చాలామంది తిట్టుకున్నారు. నా మటుకు నాకు అవి ఈత్0 కన్నా నయం, కనీసం ఎక్కడుందో చెబుతాయి.

మూడోది కొంచెం ఘాటైనది. మీ మిషన్లలో కొన్ని అజ్యూర్‌లో ఉన్నాయన్నావు కదా. అక్కడ యాక్సిలరేటెడ్ నెట్‌వర్కింగ్ పెడితే గెస్ట్‌కు ఒక్క కార్డు కోసం రెండు కనబడతాయి. ఒకటి మామూలు సింథటిక్ కార్డు. రెండోది హోస్టులోని నిజం కార్డు నుంచి నేరుగా గెస్ట్‌కు ఇచ్చిన ముక్క, వేగం కోసం. రెండింటికీ మ్యాక్ ఒకటే, కావాలనే ఒకటే పెట్టారు, ఎందుకంటే నెట్‌వర్క్ దృష్టిలో ఆ రెండూ ఒకే మనిషి. ఐపీ పెట్టాల్సింది సింథటిక్ దానికి. మ్యాక్‌తో వెతికిన స్క్రిప్ట్‌కు ఇద్దరు దొరుకుతారు. అప్పుడు డ్రైవర్ పేరుతో రెండో జల్లెడ పట్టాలి. ఇందాక డ్రైవర్ గురించి అంత సేపు చెప్పింది దీనికోసమే.

మీ సొంత హైపర్-వీ హోస్టులు 2016 గానీ తర్వాతవి గానీ అయితే ఇంకో మంచి దారి ఉంది. హోస్టు వైపు కార్డుకు ‘బ్యాకప్’ అని పేరు పెట్టి, సెట్-వీఎంనెట్‌వర్క్‌అడాప్టర్‌లో డివైస్‌నేమింగ్ ఆన్ చేస్తే ఆ పేరు గెస్ట్ లోపలికి కూడా దిగుతుంది. గెట్-నెట్‌అడాప్టర్‌అడ్వాన్స్‌డ్‌ప్రాపర్టీ అని అడిగితే ‘హైపర్-వీ నెట్‌వర్క్ అడాప్టర్ నేమ్’ అన్న వరసలో కనబడుతుంది. హోస్టుకు మాత్రమే తెలిసిన సంగతిని గెస్ట్ చెవిన వేసినట్టే. కొత్త మిషన్లు పుట్టించేటప్పుడే ఇది పెట్టించు, పాతవాటికి మ్యాక్ దారి ఎలాగూ ఉంది.

ఇక రాసేటప్పుడు ఒక్క లైను మాత్రం మర్చిపోకు. వెతికాక ఎన్ని కార్డులు దొరికాయో లెక్కపెట్టించు. ఒకటే దొరికితే ముందుకు వెళ్లు. సున్నా అయినా రెండైనా ఆ మిషన్‌ను ముట్టుకోకుండా, దాని పేరూ, దొరికిన మ్యాక్‌లూ, డ్రైవర్లూ ఒక ఫైలులో రాసి పక్క మిషన్‌కు పొమ్మను. దొరికినవాటిలో మొదటిది తీసుకోమని రాసే అలవాటు మీ వాళ్లలో చాలామందికి ఉంది, నెట్లో దొరికే స్క్రిప్టుల నిండా అదే. మొదటి రాత్రి ఐపీ మార్చే లైనుకు కామెంటు పెట్టి, చదివి రాసుకోవడం ఒక్కటే చేయించు. ఆ ఫైలు పొద్దున్నే నాకు పంపు, కాఫీ తాగుతూ చూస్తాను. 5 అని తోక ఉన్నవి ఎన్నున్నాయో నాకు తెలుసుకోవాలని ఉంది.